ఇద్దరక్కల మధ్య బంతి

ఆఫీసులో నన్ను అందరూ మేడం అంటారు. అది హోదా వల్ల వచ్చిన పిలుపనుకుంటే పొరపాటు. మా కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో వివరిస్తూ మాన్యువళ్ళు రాయడం నా పని. వాటిని ఎవరూ చదవరు. ఏదైనా మొరాయించినప్పుడు మాత్రం "ఇది మాన్యువల్‌లో లేదేంటి?" అని నా మీదికొస్తారు. తీరా చూస్తే అది మొదటి పేజీలోనే ఉంటుంది. నా కింద పనిచేసేవాళ్ళెవరూ లేరు. వైస్ ప్రెసిడెంటుని పేరు పెట్టి పిలిచే పిల్లలు నన్ను మాత్రం మేడం అంటారు. నలభై దాటాయి, జుట్టు నెరిసింది, రంగు వెయ్యను, పెళ్ళి చేసుకోలేదు, పైగా నవ్వినా నవ్వినట్టు కనిపించని మొహం. ఇన్ని ఉన్నాక ఇంకేమని పిలుస్తారు?

తప్పంతా వాళ్ళమీదే తోసెయ్యను. నాకూ ఎవర్నీ నువ్వు అనడం రాదు. కాకినాడలో పెరిగిన నోరు ఇది. హైదరాబాదు వచ్చి ఎన్నేళ్ళయినా, నిన్నగాక మొన్న చేరిన ట్రైనీని కూడా "ఏమండీ, కాస్త జరుగుతారా" అనే అంటాను. జరుగుతారు. కావలసినదానికంటే కొంచెం ఎక్కువే జరుగుతారు.

ఉండేది కూకట్‌పల్లిలో, రెండు గదుల ఫ్లాటు. అమ్మ ఉన్నంతకాలం ఇంట్లో మాటల చప్పుడు ఉండేది. ఆవిడ పోయాక టీవీ పెట్టి చూశాను, అది నాతో కాకుండా ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు అనిపించి కట్టేశాను. శుక్రవారం సాయంత్రం క్యాబ్ డ్రైవరుకి ఓటీపీ చెప్పాక, మళ్ళీ సోమవారం పొద్దున ఇంకో డ్రైవరుకి ఓటీపీ చెప్పేదాకా నా గొంతు నేనే వినని వారాంతాలు చాలా ఉన్నాయి. ఇదేదో జాలి కోసం చెప్పడం లేదు. అలవాటైపోయిన సంగతి, కాఫీలో చక్కెర మానేసినట్టు. మొదట్లో చేదుగా ఉండేది, తర్వాత అదే రుచి అనుకున్నాను.

అలాంటి నేను ఫుట్‌బాల్ టీంలో ఎలా పడ్డానంటే, నిజంగా లెక్క కోసమే పడ్డాను. టెస్టింగ్ విభాగంలో ఒకమ్మాయి ఉంది, బాచుపల్లి నుంచి స్కూటీ మీద వస్తుంది. కాలేజీలో గట్టిగా ఫుట్‌బాల్ ఆడిందట. ఈ చుట్టుపక్కల కంపెనీల ఆడవాళ్ళకి ఏడుగురేసి ఆడే పోటీ ఒకటి పెడుతున్నారని తెలిసి, ఆ అమ్మాయి టీం కట్టే పనిలో పడింది. పాంట్రీలో నేను టీ కలుపుకుంటుంటే వచ్చి నిలబడింది.

"మేడం, మీ పేరొకటి ఇస్తారా? మీరు ఆడక్కర్లేదు. పదిమంది లేకపోతే టీంని తీసుకోరంట. ఊరికే లెక్క కోసం."

ఊరికే లెక్క కోసమని మొహాన చెప్పి పిలిచినా వెళ్ళాను. ఇప్పుడు రాస్తుంటే కొంచెం సిగ్గుగా ఉంది గానీ అప్పుడు మాత్రం లేదు. ఆ మర్నాడే దుకాణానికి వెళ్ళి బూట్లు కొనుక్కున్నాను. ఆడక్కర్లేని మనిషికి బూట్లెందుకని ఆ అమ్మాయి అడగలేదు. మంచి పిల్ల. తర్వాత కెప్టెన్ అయింది కాబట్టి ఇక్కణ్ణుంచీ కెప్టెన్ అనే అంటాను.

రెండో వారంలో డిఫెన్స్‌లో ఆడాల్సిన ఒకమ్మాయి మెట్రో మెట్ల మీద కాలు మడతపడి కూర్చుంది. కెప్టెన్ చుట్టూ చూసింది. మిగతా లెక్క మనుషులు ఆ రోజు రాలేదు. నేను వచ్చాను, పైగా పొడుగ్గా ఉంటాను. "మేడం, మీరు వెనక నిలబడండి. బంతి వస్తే ఎటైనా సరే దూరంగా తన్నెయ్యండి" అంది. అంతకంటే స్పష్టమైన మాన్యువల్ నేనెప్పుడూ రాయలేదు.

నా పక్కన డిఫెన్స్‌లో ఉండేది ఫైనాన్స్‌లో పనిచేసే సిద్దిపేటావిడ. నాకంటే చిన్నదే, ఇద్దరు పిల్లల తల్లి. ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందో అడక్కుండా మూత తీసే చనువు ఆవిడకుంది. టీం మొత్తానికి ఆవిడే అక్క. మా వెనక గోల్‌కీపర్. బోరబండ నుంచి లోకల్ ట్రైన్లో వచ్చే చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. సన్నగా ఉంటుంది గానీ గొంతు మాత్రం స్టేషన్లో అనౌన్స్‌మెంటుని కూడా మింగేస్తుంది.

గోల్‌కీపర్‌కి చేతులెంత ముఖ్యమో నోరూ అంత ముఖ్యమని నాకు అప్పుడే తెలిసింది. ముందున్నవాళ్ళకి వెనకేం జరుగుతోందో కనపడదు, అందర్నీ చూడగలిగేది కీపర్ ఒక్కతే. ఎవరు ఎటు జరగాలో, బంతి ఎవరు తియ్యాలో అరిచి చెప్పాలి. అక్కతో ఆ పిల్లకి ఇబ్బందే లేదు. "అక్కా, నీదే!" అనేది, అక్క తన్నేసేది. నాతో వచ్చేసరికి "మేడం, మీరు జర గా బాల్ తీసుకుంటరా..." అనేది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు బంతి వలలో ఉండేది. నేను వెనక్కి తిరిగి "క్షమించండి" అనేదాన్ని. అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. ఒకరోజు అందర్నీ పిలిచి మరీ అంది.

"గీ మేడంను చూడున్రే. బంతిని గూడ రండి, రండి అంటది. గట్ల మర్యాద జేస్తే అది ఆగుతదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను చూసి నవ్వడం వేరు, నన్ను ఆటపట్టించడం వేరు. ఆటపట్టించడానికి మనిషి కొంచెం దగ్గరుండాలి. ఆ రాత్రి ఇంట్లో గిన్నెలు కడుగుతూ "రండి, రండి" అని నాలో నేనే అనుకుని నవ్వుకున్నాను.

మంగళవారం, గురువారం, సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసు. కొండాపూర్ వైపు అద్దాల బిల్డింగుల మధ్య చుట్టూ ఆకుపచ్చ వల కట్టిన టర్ఫ్ అది. ఒక రోజు మీటింగు వల్ల ఆలస్యమైంది. వల బయట కూర్చుని లేసులు కట్టుకుంటుంటే లోపల్నుంచి కీపర్ గొంతు వినపడింది. "మేడం రాలే ఇంకా, ఆగున్రి." నేను లేసులు కట్టుకోవడం ఆపేశాను. నా కోసం ఎవరో ఆగుతున్నారు. ఎంత చిన్నమాటో నాకూ తెలుసు. అయినా ఆ మాటని కూకట్‌పల్లి దాకా తీసుకెళ్ళాను.

ప్రాక్టీసయ్యాక రోడ్డు పక్క బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళు. ఒకే ప్లేటులో నాలుగు చేతులు పడేవి. నేను ఒక పక్కగా నిలబడి ఒక్కటి తీసుకునేదాన్ని. కాసేపటికి ఎవరో ఒకరు "ఇంట్ల మీ కోసం చూస్తుంటరేమో మేడం, మీరు పోన్రి, మేం మెల్లగ పోతం" అనేవారు. నిజంగా మంచి మనసుతోనే అనేవారు. ఇంట్లో ఎవరూ లేరని చెప్పొచ్చు. చెబితే ఆ బజ్జీల దగ్గర నవ్వులు ఆగిపోతాయి. అందుకని ఔనౌనంటూ అందరికంటే ముందు నేనే బయల్దేరేదాన్ని.

మొదటి మ్యాచ్ శనివారం పొద్దున పడింది. ఓడితే అక్కడితో సరి, ఇంటికే. గెలిస్తే తర్వాతి మ్యాచ్ మూడు వారాల తర్వాత. అంటే ఇంకో మూడు వారాలు మంగళ, గురువారాలు ఉంటాయి. కెప్టెన్‌కి కప్పు కావాలి. అక్కకి కప్పుతో ఫొటో దిగి పిల్లలకి చూపించాలని ఉంది. నాకు కప్పూ వద్దు, ఫొటో అసలే వద్దు. ఆ మూడు వారాలు కావాలి. మూడు వారాల ప్రాక్టీసు కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్న ఫుట్‌బాల్ ప్లేయరు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దున అందర్నీ చూస్తుంటే నాకు భయమేసింది. భయం ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడింది. అక్క వరసగా ఆవులిస్తోంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను, కాదు, కళ్ళు చూస్తే విప్పారి ఉన్నాయి. కెప్టెన్ చెప్పిందే చెబుతోంది. కీపర్ వాష్‌రూంకి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. గ్లవ్స్ తీసి వేసుకుంటోంది, వేసుకుని తీస్తోంది. నాకు ఆ ఎండలో కూడా అరచేతులు చల్లగా అయిపోయాయి. అవతలి టీం వాళ్ళు ఆరెంజ్ రంగు జెర్సీలు వేసుకుని పాటలు పెట్టుకుని ఎగురుతున్నారు. వాళ్ళకీ భయముండే ఉంటుంది. దూరానికి కనపడలేదు.

అందర్నీ గుండ్రంగా నిలబెట్టి కెప్టెన్ చివరి మాటగా ఒకటి చెప్పింది.

"ఇంకొకటి. గ్రౌండ్‌లో మేడం గీడం వద్దు. 'మేడం మీరు' అనేలోపు గోల్ అయిపోతోంది. ఇవాళ్టి నుంచి మేడం కూడా అక్కే. అక్కా అని అరవండి, నువ్వు అనండి. సరేనా?"

కీపర్ నా వైపు చూసింది. "ఓకేనా మేడం?" అంది. అందరూ గొల్లున నవ్వారు.

"ఓకేనండి" అన్నాను. మళ్ళీ నవ్వారు.

నాకెంత సంతోషమేసిందో చెప్పడం కష్టం. ఇంట్లో నేనే ఆఖరిదాన్ని, నన్ను అక్కా అనేవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఊళ్ళో కూరగాయల బండివాడు కూడా ఆంటీ అంటాడు. మైదానంలోకి నడుస్తుంటే గడ్డి మీద కాళ్ళు ఆనుతున్నట్టే లేదు.

విజిల్ వేసి ఎంతో సేపు కాలేదు. వాళ్ళు మధ్యలోంచి ఒక బంతి మా వైపు తన్నారు. ఏమంత గొప్ప తన్ను కాదు. బంతి దొర్లుకుంటూ, అలసిపోయినట్టు, అక్కకీ నాకూ సరిగ్గా మధ్యలోకి వచ్చింది. ఆరెంజ్ పిల్ల ఒకతె దాని వెనక వస్తోంది గానీ ఇంకా దూరంలోనే ఉంది. వెనక నుంచి కీపర్ అరిచింది.

"అక్కా, నీదే!"

నేను ఆగాను. ప్రాక్టీసంతా ఆ అరుపు వినపడితే నేను ఆగేదాన్ని, అక్క తీసేది. శరీరానికి అదే అలవాటు. ఆ మాట నాక్కూడా వర్తిస్తుందని పొద్దున్న విని మురిసిపోయిన మనిషినే, తీరా సమయం వచ్చేసరికి నా కాళ్ళకి ఆ కబురు అందలేదు. అక్క కూడా ఆగింది. ఆవిడకి మాత్రం కొత్త నియమం చక్కగా గుర్తుంది. ఇవాళ్టి నుంచి మేడం కూడా అక్కే, బంతి మేడంకే కొంచెం దగ్గరగా ఉంది కాబట్టి పిలిచింది మేడంనే అనుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మీరు కానివ్వండంటే మీరు కానివ్వండని గుమ్మం దగ్గర ఆగిపోయే చుట్టాల్లాగా నిలబడ్డాం. బంతి మా మధ్యలోంచి మెల్లగా వెళ్ళిపోయింది. ఆ ఆరెంజ్ పిల్ల పరిగెత్తను కూడా పరిగెత్తలేదు, నడుచుకుంటూ వచ్చి కాలితో అలా తోసింది. గోల్.

గోల్ పడటం పెద్ద విషయం కాదట. ఆటలన్నాక పడుతూనే ఉంటాయట. తర్వాత కెప్టెనే చెప్పింది. పడ్డాక ఏమవుతామన్నదే అసలు సంగతి. మేం పిండి పిండి అయిపోయాం.

ముందు "పర్లేదు, పర్లేదు" అని అరిచారు అందరూ. కానీ ఆ గొంతులు మామూలు గొంతులు కావు, ఒక మెట్టు పైన ఉన్నాయి. నిజంగా పర్లేదనుకుంటే అన్నిసార్లు ఎవరూ అనరు. కీపర్ నోరు తెరిచి ఏదో అనబోయి మానేసింది. అక్క చెమట తుడుచుకుంటూ "నిన్ననుకున్న... మిమ్మల్నే అనుకున్న మేడం" అంది. "నేను మిమ్మల్ననుకున్నానండి" అన్నాను. ఆ మాత్రం తెలుసుకోవడానికి ఒక గోల్ ఖర్చయింది.

రెండోది అంతకంటే అన్యాయం. ఈసారి పొరపాటు జరగకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నంత పట్టుదలతో ఉన్నాం. బంతి రాగానే కీపర్ "అక్కా!" అంది, అంతే, ఇద్దరం ఒకేసారి ఉరికాం. అక్క భుజం నా దవడకి తగిలింది, కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి. బంతి ఎవరి కాలికి తగిలిందో తెలియదు గానీ, మా గోల్ వైపే పోయింది. చూసేవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. లేచి నిలబడేసరికి వాళ్ళు రెండోసారి ఎగురుతున్నారు.

ఆ తర్వాత కీపర్ అరవడం మానేసింది. నోరు తెరిస్తే గోల్ పడుతోందని భయపడిందో ఏమో, గోల్ పోస్టుకి అతుక్కుపోయి పెదవులు బిగించి నిలబడింది. ఆ గొంతు లేకపోయేసరికి నా వెనక ఏమీ లేనట్టు, ఒక గోడ కూలిపోయినట్టు ఉంది. ముందు ఆడేవాళ్ళు మా మీద నమ్మకం పోయి వెనక్కి వచ్చేశారు. కెప్టెన్ ఎవర్నీ నమ్మలేక మా కాళ్ళ దగ్గరున్న బంతి కూడా తనే లాక్కుంటోంది. పాస్ ఇస్తే తప్పవుతుందేమోనని బంతి దొరికినవాళ్ళు దొరికినట్టు బయటికి తన్నేస్తున్నారు. ఎవరికి వాళ్ళు "సారీ" అంటున్నారు. అవతలివాళ్ళు పాసులిచ్చుకుంటుంటే మేం సారీలిచ్చుకున్నాం. ఏడుగురం ఒకే మైదానంలో ఉన్నాం గానీ, ఎవరి భయంలో వాళ్ళం ఒంటరిగా తిరుగుతున్నాం. ఆ బాధ నాకు కొత్త కాదు. కాకపోతే అంతమంది మధ్యలో, అంత ఎండలో, జెర్సీ వేసుకుని పడటం మొదటిసారి. మూడోది ఎలా పడిందో చెప్పడానికి కూడా ఏమీ లేదు. మా అందరి మధ్యలోంచి పోయింది, ఒక్కరి నోట కూడా మాట రాలేదు.

హాఫ్‌టైంలో నీళ్ళ సీసాలు పట్టుకుని నీడలో కూర్చున్నాం. కెప్టెన్ తల పట్టుకుంది. చివరికి అక్కే అంది.

"కోపం తెచ్చుకోకున్రి గని, ఒక్క జాగల ఇద్దరక్కలుంటే పరేషానే గద. ఎవర్ని పిలుస్తున్నరో సమజైతలేదు."

తప్పేమీ లేదు ఆ మాటలో. ఆవిడ నేరం ఎవరి మీదికీ నెట్టలేదు, ఉన్న లెక్క చెప్పింది. అందరూ నా వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు. కెప్టెన్ గడ్డి పీకుతోంది. పేర్లు పెట్టి పిలవొచ్చు కదా అని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. వయసులో పెద్దదాన్ని పేరు పెట్టి అరవడం ఆ పిల్లల వల్ల కాదు. పొద్దున్న నేను పొందినదాన్ని వెనక్కి ఇచ్చేస్తే ఆట దారిలో పడొచ్చు. ఆట దారిలో పడితే మూడు వారాలు మిగలొచ్చు.

"మేడం అనే పిలవండి" అన్నాను. "మీరు గీరు అక్కర్లేదు. ఒక్క మేడం చాలు. వినపడితే నేను తీస్తాను. వినపడకపోతే అక్కగారు తీస్తారు."

"అంతేనంటవా?" అంది కీపర్. ఆ పిల్ల నన్ను ఏకవచనంతో అనడం నాకు తెలిసి అదే మొదటిసారి. తను గమనించలేదు.

రెండో సగంలో మేం వేరే మనుషులం. నేను అతిశయోక్తి చెప్పే రకం కాదు. కీపర్‌కి గొంతు తిరిగొచ్చింది. "మేడం!" అని ఒక్క అరుపు, నేను వెళ్ళి తన్నేదాన్ని. "అక్కా!" అంటే అక్క. మధ్యలో అనుమానం లేదు, మొహమాటం లేదు. వెనక నుంచి ఆ అరుపులు సరిగ్గా పడుతుంటే ముందువాళ్ళకి వెన్నులో బలం వచ్చింది. కెప్టెన్ పాసులివ్వడం మొదలుపెట్టింది. ఒక గోల్ కొట్టాం. కాసేపటికి ఇంకోటి. అక్క ఆవులింతలు ఎప్పుడో ఆగిపోయాయి. నేనా, నా జన్మలో ఎప్పుడూ అంత బాగా ఏ పనీ చెయ్యలేదు. మేడం అన్న ప్రతిసారీ కదిలాను. ఆరెంజ్ పిల్లల మొహాల్లో మొదటిసారి భయం కనపడింది. చివర్లో కెప్టెన్ కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి ఖంగుమని వెనక్కి వచ్చింది. ఇంకొకసారి వెళ్ళేలోపు విజిల్ వేసేశారు. మూడు, రెండు. ఓడిపోయాం.

చెయ్యీ చెయ్యీ కలిపాం, ఫొటోలు దిగాం. పది నిమిషాల్లో మావాళ్ళు తేలికపడ్డారు. బిర్యానీ ఎక్కడ తినాలన్న చర్చ మొదలైంది. అక్క నడుం విరుచుకుంటూ "ఇగ మంగళవారం జల్ది ఇంటికి పోవచ్చు, మా చిన్నోడు ఒకటే లొల్లి పెడుతుండు" అంది. ఆవిడ గొంతులో ఎంత హాయి ఉందంటే, నేను అటు తిరిగి సీసాలో లేని నీళ్ళు తాగాను.

కీపర్ మాత్రం గోల్ పోస్టు దగ్గరే కూర్చుని ఏడుస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తుండగానే ఆ పిల్ల మాట్లాడింది.

"నా వల్లనే అయింది మేడం. మొదటి బంతి అప్పుడు నేను సరిగ్గ చెప్పలే."

"మీరు సరిగ్గానే చెప్పారండి. అక్కగారే తియ్యాల్సింది, ఆవిడ నన్ననుకున్నారు, అంతే."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"లే మేడం. నేను అక్కను అనలే. నిన్నే... మిమ్మల్నే అన్న. అక్కా అని మిమ్మల్నే పిలిచిన."

నాకు ఏడుపు ఆగలేదు. అంతమందిలో, అంత ఎండలో, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ పిల్ల బిత్తరపోయి తన ఏడుపు మర్చిపోయింది. నా చెయ్యి పట్టుకుని "ఆటే గద మేడం, ఫికర్ చేయకున్రి, ఆటే గద" అంటూ ఓదార్చింది. గోల్ గురించి ఏడుస్తున్నాననుకుంది. అనుకోనిచ్చాను.

సోమవారం పొద్దున ఆఫీసు లిఫ్ట్‌లో ఆ పిల్ల కనపడింది. తన విభాగంలోవాళ్ళు నలుగురైదుగురి మధ్య నిలబడి మ్యాచ్ కథ చెబుతోంది, అక్కా నేనూ గుద్దుకున్న ఘట్టం చేతులతో చేసి చూపిస్తోంది. అందరూ విరగబడి నవ్వుతున్నారు. నేను ఎక్కగానే ఆపేశారు. "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు, నాకు చోటివ్వడానికి అందరూ గోడకి జరిగారు. నలుగురు నిలబడగలిగేంత చోటు నాకొక్కదానికే ఇచ్చారు.

ఆదివారమంతా నేను ఒక్క వాక్యం తయారు చేసుకున్నాను. పోటీ లేకపోతే ఏం, మంగళవారాలు మనం ఊరికే ఆడుకుందామా? అంతే. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, నా వృత్తిలో ఎప్పుడూ పడనంత శ్రమ పడ్డాను. లిఫ్ట్ పైకి వెళ్తోంది. ఆ పిల్ల దిగే అంతస్తు దగ్గరపడుతోంది. అందరూ అంకెల వైపు చూస్తున్నారు.

"రేపు సాయంత్రం ఖాళీయేనాండీ?" అన్నాను.

ఆ పిల్ల వెంటనే నిటారుగా అయింది. "ఏమన్న పని ఉండెనా మేడం? చెప్పున్రి, చేసి పెడ్త."

పక్కవాళ్ళు నా వైపు చూస్తున్నారు. నా దగ్గరున్న వాక్యమంతా గొంతులోనే ఉండిపోయింది. అది పిల్లలడగాల్సిన మాటలా, నా వయసుకి నప్పని బట్టలా అనిపించింది.

"ఏం లేదండీ, ఊరికే అడిగాను."

"సరే మేడం." తలుపులు తెరుచుకున్నాయి. దిగబోతూ వెనక్కి తిరిగి, "సెకండాఫ్‌ల మస్తు ఆడిన్రు మేడం మీరు" అంది, నిండు మనసుతో. మిగతావాళ్ళూ తన వెనకే దిగిపోయారు.

నేను ఎక్కినప్పుడు నా అంతస్తు మీట నొక్కడమే మర్చిపోయాను. లిఫ్ట్ అక్కణ్ణుంచి కదలకుండా కాసేపు ఆగి, లోపల ఎవరూ లేరనుకుందో ఏమో, లైటు ఆర్పేసింది.